ప్రార్థన గొలుసులో నా కొడుకు పేరు

వేరుశెనగ పీకే రోజులు దగ్గర పడుతుండగా, ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం నా కొడుకు జడ్సన్ వంటింట్లో నిలబడి, తనకు జూన్‌లోనే పెళ్ళయిపోయిందని చెప్పాడు. నేను చిక్కుళ్ళ ఈనెలు తీస్తున్నాను.

"ఎవరితోరా?" అన్నాను, ఏమీ తెలియనట్టు. తెలుసు. పన్నెండేళ్ళుగా తెలుసు. తెలిసి కూడా అడగకుండా నెట్టుకురావడంలో నన్ను మించిన మనిషి కోకర్ కౌంటీలో లేదు.

"ఆంటన్‌తో, అమ్మా. మేకన్ కోర్టులో. ఇద్దరు సాక్షులు, పది నిమిషాల పని."

"మీ నాన్నకి తెలుసా?"

"ముందు ఆయనకే చెప్పాను. నవ్వాడు."

"ఆయన ఈ మధ్య గోడని చూసినా నవ్వుతున్నాడు. అదేం లెక్క?"

జడ్ గోడకి ఆనుకుని నా చేతులకేసి చూస్తున్నాడు. నేను ఒకే చిక్కుడుకాయని ముక్కలు ముక్కలు చేసేస్తున్నాను.

"నీకొక్కదానికే చెబుతున్నా, అమ్మా. నీ ఆడవాళ్ళకి కాదు. ప్రార్థన కోసమని పేరు పెట్టి కూడా చెప్పొద్దు."

"నేనేమైనా టముకు వేస్తానా ఏంటి?" అని కసిరాను.

మా పైన్ ఫోర్క్ బాప్టిస్టు సంఘంలో ప్రార్థన గొలుసు నా ఇంటి ఫోనుతో మొదలవుతుంది. ఇరవై ఆరేళ్ళ నుంచి అంతే. ఎవరికి జబ్బు చేసినా, ఎవరి పిల్లవాడు తాగి కారు గుద్దినా ముందు నాకు చెబుతారు. నేను మా పాస్టరమ్మ షెరిలిన్‌కి చెబుతాను, ఆవిడ గ్లెండాకి, గ్లెండా ఇంకొకరికి, అలా పద్నాలుగు మంది ఆడవాళ్ళం. అరగంటలో సంఘం సంఘమంతా మోకాళ్ళ మీద ఉంటుంది. మోకాళ్ళ మీదికి దిగే ముందు కాసేపు నోళ్ళు కూడా ఆడతాయనుకోండి. పేరు చెప్పడం ఇష్టం లేనివాళ్ళు 'చెప్పని విన్నపం' అంటారు. సంగతి దేవుడికి తెలుసు, మనం ప్రార్థన చేస్తే చాలు అని దానర్థం. మొదటి వారం నేను నా కొడుకు గురించి అలా చెప్పని విన్నపమే పెట్టాను. అక్కడితో ఆగి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు. ఆ రోజు ఆంటన్ మా ఇంటికి వచ్చాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మేకన్‌లో అతనికి క్షవరశాల ఉంది. తన కత్తెర్ల పెట్టె తెచ్చుకుని, వరండాలో మా ఆయన హోయ్ట్‌ని కూర్చోబెట్టి, మెడచుట్టూ తువ్వాలు చుట్టి గడ్డం సరిచేశాడు. పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది హోయ్ట్‌కి. కుడి పక్క పడిపోయింది, మాటలు నాలుగో ఐదో మిగిలాయి. నేను రోజూ గీసే గడ్డమే, కానీ ఎప్పుడూ తల విదిలించి నన్ను తిట్టినంత పని చేసేవాడు. ఆంటన్ చేతిలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"ఏంటండీ, పెళ్ళికొడుకులా తయారయ్యారు? ఇక మీకు సంబంధాలు చూడాలి," అన్నాడు ఆంటన్. హోయ్ట్ భుజాలు ఊగేలా నవ్వాడు.

నేను అందరికీ ఐసు టీ తెచ్చాను. హోయ్ట్‌కీ, జడ్‌కీ, నాకూ గాజు గ్లాసుల్లో. ఆంటన్‌కి కాగితం కప్పులో.

కావాలని చేశానా అంటే ఏం చెప్పను? చెయ్యి అలా వెళ్ళింది. "థాంక్సండీ, అమ్మగారూ," అని అతను కప్పు అందుకున్నాడు. అప్పుడు హోయ్ట్ ఎడం చేత్తో తన గాజు గ్లాసుని బల్ల మీద జరుపుతూ జరుపుతూ ఆంటన్ ముందుకి తోశాడు. సగం టీ ఒలికింది. జడ్ లేచి గుడ్డ తెచ్చి బల్ల తుడిచాడు.

ఆ తర్వాత రెండు రోజులకి పాస్టరమ్మ గిన్నెలో చికెన్ కూరిన రొట్టె తీసుకుని వచ్చింది. షెరిలిన్ మంచి మనిషే, అది ముందే చెప్పాలి. నాకు ఆపరేషనైనప్పుడు పదకొండు రోజులు వంట చేసి పెట్టింది. కానీ మెత్తగా మాట్లాడి సంగతి లాగడంలో ఆవిడకి ఆవిడే సాటి.

"చెప్పని విన్నపం రెండో వారంలో పడిందే, వెర్నా. హోయ్ట్ కోసమా?"

"కాదు."

"మరి జడ్ కోసమా?"

నేను గిన్నె మీది మూత తీసి మళ్ళీ పెట్టాను.

"దేని కోసమో తెలియకుండా ఎంతకని ప్రార్థిస్తాం చెప్పు? చీకట్లో రాళ్ళేసినట్టు ఉంది మాకు," అని నా చెయ్యి పట్టుకుంది. వేడి చెయ్యి. రెండేళ్ళుగా నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. చెప్పేశాను. పెళ్ళి, మేకన్, కోర్టు, అన్నీ కక్కేశాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి దొంగ నీళ్ళు కావు.

"అయ్యో వెర్నా! మరి ఇంకా నీ ఇంట్లోనే ఉంటున్నాడా?"

ఉంటున్నాడు. ఆదివారం పొద్దున ప్రార్థన వేళ నుంచి శుక్రవారం పొద్దున దాకా మా ఇంట్లోనే ఉంటాడు. కౌంటీ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పని వాడిది. పొద్దున తండ్రిని మంచం మీంచి లేపి కుర్చీలో వేస్తాడు, సాయంత్రం కుర్చీలోంచి మంచం మీద వేస్తాడు. రెండు బస్తాల మనిషిని నేనెక్కడ ఎత్తగలను? శుక్రవారం డ్యూటీ అవగానే మేకన్ వెళ్ళి రెండు రాత్రులు ఉండి వస్తాడు, ఆ రెండు రోజులూ మా మరిది వచ్చి ఎత్తుతాడు. ఇదంతా చెబితే షెరిలిన్‌కి అర్థమయ్యేదే. కానీ ఆ ప్రశ్న అడిగిన తీరులో, మగాణ్ణి పెళ్ళాడిన మగాడికి నా ఇంటి కప్పు కింద మంచం ఉందా అన్న మాట నాకు వినబడింది.

"లేడు," అన్నాను. "వెళ్ళిపోయాడు. అక్కడే కాపురం. తండ్రిని చూడటానికి అప్పుడప్పుడూ వస్తాడు, అంతే."

పెరట్లో తీగ మీద వాడి ఆసుపత్రి బట్టలు ఆరుతూ ఉన్నాయి. షెరిలిన్ అటువైపు వీపు పెట్టి కూర్చుంది.

"గట్టిదానివి, వెర్నా," అంది.

అదే వారం ఆదివారం జడ్ పాటల పుస్తకం పట్టుకుని ప్రార్థన మందిరంలో ముందుకి నడిచాడు. పద్నాలుగేళ్ళ వయసు నుంచి అక్కడ పియానో వాడే వాయిస్తున్నాడు. ఆ రోజు పియానో ముందు పాస్టరుగారి మేనకోడలు కూర్చుని ఉంది. వాడికి ఎవరూ చెప్పలేదు, ఫోనన్నా చెయ్యలేదు. నడవా మధ్యలో కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. ఆ పిల్ల తప్పులు వాయిస్తుంటే కూడా వాడు గొంతెత్తి పాడుతూనే ఉన్నాడు. ఆ గొంతు నా వీపుకి తగులుతూనే ఉంది. నేను తిరిగి చూడలేదు.

కారులో అడిగాడు. "ఎంతమందికి చెప్పావమ్మా?"

"ప్రార్థన కోసమేరా..."

"నేను గే, అమ్మా. చావుబతుకుల్లో లేను. నా కోసం పద్నాలుగు మంది ఏమని ప్రార్థిస్తారు?"

"మారాలని."

"వాళ్ళు మారాలని నేను పియానో వాయిస్తూ పాతికేళ్ళు ప్రార్థించాను. ఎవరి దేవుడు వింటాడో చూద్దాం," అన్నాడు. అని తనే నవ్వేశాడు. వాడికి కోపం నిలవదు, తండ్రి పోలిక.

ఇక ఎన్నికల సంగతి. నవంబరులో కౌంటీ కమిషనరు పదవికి మా సంఘం మనిషి డ్వైట్ నిలబడ్డాడు. రెండేళ్ళ కిందటి ఎన్నికని మన దగ్గర్నుంచి దొంగిలించారని మా పాస్టరు బ్రదర్ లేన్ గట్టిగా నమ్మాడు, మాచేతా నమ్మించాడు. సంఘంలో 'కావలివారు' అని ఒక జట్టు పెట్టాడు. అట్లాంటా నుంచి ఒకతను వచ్చి, ఊరు మారినవాళ్ళనీ చిరునామా తేడా ఉన్నవాళ్ళనీ చెప్పి ఒక పేర్ల జాబితా ఇచ్చి వెళ్ళాడు. మా రాష్ట్రంలో ఒక ఓటరు ఎంతమంది ఓట్ల మీదైనా అభ్యంతరం పెట్టవచ్చు. ఒక్కో పేరుకి ఒక్కో కాగితం, కింద సంతకం. ఆ సంతకం ఎవరిదై ఉండాలని ఆలోచించారు. మగవాళ్ళు పెడితే రాజకీయం అంటారట. అందరూ గౌరవించే పెద్దావిడైతే ఎవరూ నోరెత్తరట.

ప్రతి బుధవారం సాయంత్రం మాకు సంఘం భోజనాల హాల్లో విందు. అక్కడ బనానా పుడ్డింగ్ పక్కన బ్రదర్ లేన్ ఆ కాగితాల దొంతర పెట్టాడు. రెండు వందల ముప్పై ఒకటి.

"సిస్టర్ వెర్నా, ఇది నీ చేతికి తగ్గ సేవ," అన్నాడు. "ఇవాళ మగాణ్ణి మగాడు పెళ్ళాడటం చట్టమైపోయింది. ఎలా అయింది? మనం నిద్రపోతుంటే ఓట్ల పెట్టెలు ఎవరి చేతుల్లోకో పోయి అయింది. ఈ దేశాన్ని మన తాతలు దేవుడి చేతిలో పెట్టారు. కావలివాడు బూర ఊదక జనం చస్తే ఆ రక్తం ఎవరి మీద పడుతుంది?"

ఆ పెళ్ళిళ్ళు కోర్టు తీర్పుతో వచ్చాయని నాకు తెలుసు, టీవీలో చూశాను. అయినా తలూపాను. అందరూ నా చుట్టూ మూగారు. గ్లెండా నా కళ్ళజోడు తుడిచి ఇచ్చింది. రెండేళ్ళుగా రోగి పెళ్ళాన్ని, మూడు వారాలుగా ఆ పిల్లవాడి తల్లిని. ఆ సాయంత్రం మళ్ళీ నేను వెర్నా టిడ్వెల్‌ని అయ్యాను. పెన్ను తీసుకున్నాను.

వాటిల్లో సగానికి సగం పేర్లు రైలు పట్టాల అవతలి నల్లవాళ్ళవి, ఇంకొన్ని కాలేజీ పిల్లలవి, వృద్ధాశ్రమంలో ఉన్నవాళ్ళవి. చదవలేదని చెప్పుకోవచ్చు. కొన్ని చదివాను. మెక్‌రే ఇథలిన్ అన్న పేరు చదివాను. బడి వంటింట్లో ఆవిడా నేనూ పంతొమ్మిదేళ్ళు పక్కపక్కన నిలబడి పిల్లలకి వడ్డించాం. ఆవిడ ఇల్లు మారలేదు, ఆ రోడ్డుకి పేరు మార్చారు. అది తెలిసి కూడా పెన్ను కదిలింది, ఏదో లెక్క ఉంటుందిలే అనుకున్నాను.

ట అక్షరం పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆకలేస్తోంది. టిడ్వెల్ జడ్సన్ హోయ్ట్. కింద మా ఇంటి చిరునామా. కారణం దగ్గర షెరిలిన్ గుండ్రటి అక్షరాలు: 'ఈ చిరునామాలో నివసించడం లేదు. అభ్యంతరం పెడుతున్నవారికి స్వయంగా తెలుసు.'

పెన్ను ఆగింది. షెరిలిన్ నా వెనకే నిలబడి ఉంది. నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా నొక్కింది. "నువ్వు చెప్పిందే కదమ్మా," అంది, ఎంతో ప్రేమగా.

సంతకం పెట్టి తర్వాతి కాగితం తీశాను.

అక్టోబరు మొదటి వారంలో కౌంటీ నుంచి జడ్ పేరున ఉత్తరం వచ్చింది. ఎక్కడికి వచ్చింది? మా ఇంటి డబ్బాలోకే. వాడు అక్కడ ఉండడని నేను రాసిచ్చిన చిరునామాకే. వాడు వంటింటి బల్ల దగ్గర చదివి ముందు పగలబడి నవ్వాడు. అభ్యంతరం పెట్టినవారి పేరు దగ్గరికి వచ్చాక నవ్వు ఆగింది.

"చూడకుండా పెట్టావు కదూ?" అన్నాడు. "ఆ దొంతరలో పడి కనబడి ఉండదు."

వాడే నాకు దారి చూపించాడు. నేను ఆ దారినే దూరాను.

"చూడలేదురా. అన్ని కాగితాల్లో ఏం చూస్తాను?"

"సరే అయితే. గురువారం విచారణకి వచ్చి, పొరపాటని ఒక్క మాట చెప్పు. అయిపోతుంది."

"చెబుతానురా. చెప్పకుండా ఎలా ఉంటాను?"

విచారణ కోర్టు భవనం కింద గదిలో జరిగింది. ఎన్నికల బోర్డులో ముగ్గురున్నారు, వాళ్ళలో ఇద్దరు మా సంఘంవాళ్ళు. అధ్యక్షుడు ప్యూ గారైతే మా సంఘ పెద్ద, డీకను. బెంచీల నిండా మా వాళ్ళు. మొదలవడానికి ముందు బ్రదర్ లేన్ లేచి ప్రార్థన చేశాడు. రెండు వందల ముప్పై ఒక్క మందిలో వచ్చినవాళ్ళు ముప్పైకి పైచిలుకు. రానివాళ్ళ పేర్లు చదవడం, కొట్టెయ్యడం, చదవడం, కొట్టెయ్యడం. ఓ గంట అదే పని.

ఇథలిన్ కర్ర ఊతంతో వచ్చింది. కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు, మొగుడి సమాధి కాగితంతో సహా బల్ల మీద పరిచింది. ఆవిడ ఓటు ఉంచారు. వెనక్కి వెళ్ళేటప్పుడు నా ముందు ఆగింది.

"ఈ వెర్నా టిడ్వెల్ ఇంకెవరోలే అనుకున్నా," అంది. "నేనెక్కడుంటానో నీకు తెలియదూ? మా ఇంట్లో నా చేతి చేపల వేపుడు తిన్నావు గదే!"

నేను నా హ్యాండుబ్యాగు జిప్పు తీసి లోపల ఏదో వెతికాను. అందులో వెతకడానికి ఏమీ లేదు.

తర్వాత జడ్‌ని పిలిచారు. ఆసుపత్రి బట్టల్లోనే వచ్చాడు. డ్రైవింగు లైసెన్సు, బ్యాంకు కాగితం చూపించాడు. ప్యూ గారు పెళ్ళి పత్రం నకలు తీసి, అందులో మేకన్ చిరునామా ఉందని చదివాడు. బెంచీల్లో చిన్న కదలిక పుట్టింది.

"వారంలో ఐదు రాత్రులు మా అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటాను," అన్నాడు జడ్. "మా అమ్మ ఇక్కడే ఉంది, అడగండి."

నన్ను లేపి బైబిలు మీద చెయ్యి పెట్టించారు. అప్పటికి నేను ఇంకా నిజమే చెప్పాలనుకుంటున్నాను. ఒట్టు. కానీ నిజం చెబితే ఏమవుతుంది? నెల్లాళ్ళ కిందట పాస్టరమ్మతో అబద్ధమాడాననీ, ఆ అబద్ధం మీద పద్నాలుగు మంది చేత ప్రార్థన చేయించాననీ, మగాణ్ణి పెళ్ళాడిన కొడుకుకి రోజూ అన్నం పెడుతున్నాననీ, ఆ బెంచీల ముందు అన్నీ ఒకేసారి బయటపడతాయి. షెరిలిన్ ముందు వరసలో కూర్చుని నాకు ధైర్యం చెబుతూ చిన్నగా నవ్వుతోంది.

"చెప్పండి, సిస్టర్ వెర్నా. జడ్సన్ మీ ఇంట్లో నివసిస్తున్నాడా?"

"లేదండీ," అన్నాను.

జడ్ నా వైపు చూశాడు. చిన్నప్పుడు జ్వరంతో లేచి ఎక్కడున్నానో తెలియక చూసినట్టు చూశాడు. తర్వాత లైసెన్సు తీసి జేబులో పెట్టుకున్నాడు. "సరే, అమ్మా," అన్నాడు. అంతే. ప్రభువుని ఎరగనని బొంకిన పేతురుకి కనీసం కోడి కూసింది. నాకు ప్యూ గారు తర్వాతి పేరు చదివాడు.

బయటికి వస్తుంటే గుమాస్తా పిల్ల, మారియన్, నా వెనకే వచ్చింది. తన గొంతు ఎవరికీ వినబడకుండా, "అభ్యంతరం పెట్టినవాళ్ళు వెనక్కి తీసుకోవచ్చండీ. వచ్చే గురువారం మధ్యాహ్నం పన్నెండు దాకా. ఒక్క సంతకం," అంది.

ఆ సాయంత్రం జడ్ ఎప్పటిలాగే వచ్చాడు. తండ్రిని ఎత్తడానికి వంగి, ఆగి, నన్ను పిలిచాడు.

"ఇటు రా. నువ్వు ఎత్తు ఇవాళ."

"నేనా? నా వల్ల ఎక్కడవుతుందిరా?"

"అవుతుంది. నడుం వంచకు, మోకాళ్ళు వంచు. నీ కాళ్ళు ఆయన కాళ్ళకి రెండు పక్కలా పెట్టు. ఈ బెల్టు వెనకనించి పట్టుకో. లాగకు, ముందుకి ఊపి లేపు. నాన్నా, ఎడం కాలు నొక్కి పెట్టు."

మూడుసార్లు చేయించాడు. మూడోసారికి హోయ్ట్ మంచం మీదికి వచ్చి పడ్డాడు. నాకు ఆయాసం. ఆయన కళ్ళు మా ఇద్దరి మధ్యా తిరుగుతున్నాయి.

"ఇప్పుడివన్నీ ఎందుకురా నాకు?"

"నేనిక్కడ ఉండనని బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పావు కదమ్మా. నువ్వు దొంగ ప్రమాణం చేశావని రేపెవడూ అనకూడదు." ఎత్తిపొడుపు కాదు. వాడు నిజంగానే అలా అనుకున్నాడు. అదే నన్ను కోసేసింది.

"నేను రేపు వెళ్తాను," అన్నాను. "మారియన్ చెప్పింది, వెనక్కి తీసుకోవచ్చట. పొద్దున్నే వెళ్ళి సంతకం పెడతాను. నువ్వెక్కడికీ వెళ్ళొద్దురా."

"పెడతావా?"

"పెడతాను."

వాడు బట్టలు సర్దుకోవడానికి తీసిన సంచీ కింద పెట్టాడు. మంచం అంచున కూర్చున్నాడు. "గురువారం దాకా చూస్తాను," అన్నాడు. "ఓటు పోతే పోయిందమ్మా. నువ్వు ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళి, వీడు నా ఇంట్లో ఉంటాడు, అని ఒక్కసారి అంటే నాకు చాలు."

శుక్రవారం గ్లెండా అత్తగారు పోయింది. సమాధి కూడికకి బంగాళాదుంపల సలాడు నా వంతు. సోమవారం బయలుదేరి కోర్టు దాకా వెళ్ళాను. మెట్ల దగ్గర షెరిలిన్ కనబడి చెయ్యి ఊపింది. నేనూ ఊపి, పోస్టాఫీసు పనుందని చెప్పి స్టాంపులు కొనుక్కుని వచ్చాను. మంగళవారం వాన.

బుధవారం భోజనాల దగ్గర బ్రదర్ లేన్ లేచి గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. "అబ్రాహాము తన కొడుకుని బలిపీఠం మీద పెట్టాడు," అన్నాడు. "మన మధ్య కూడా అలాంటి విశ్వాసం ఉంది." పేరు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను. ఛీ, రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నాకు బాగుంది. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. రెండు నిమిషాల పాటు నా కొడుకు గుర్తు రాలేదు.

గురువారం పదింటికే వెళ్ళి కోర్టు ఎదురుగా కారు ఆపాను. పదకొండైంది. పన్నెండుకి పావుగంట ఉందనగా మారియన్ బయటికి వచ్చి కారు అద్దం మీద తట్టింది.

"లోపలికి వస్తారా, వెర్నా గారూ? కాగితం తీసి పెట్టాను."

"లేదమ్మా. ఊరికే నీడలో ఆగాను," అన్నాను. అక్టోబరు నెల, అప్పటికి ఎండే లేదు.

ఆ పిల్ల "సరేనండీ," అని వెళ్ళిపోయింది. అన్ని రోజులూ ఆ ఆఫీసు తెరిచే ఉంది. నన్ను ఎవరూ ఆపలేదు, ఎవరూ బెదిరించలేదు. అది కూడా చెప్పాలి కదా.

సాయంత్రం జడ్ వచ్చి నా మొహం చూశాడు. మూడు అట్టపెట్టెలు, కీర్తనల పుస్తకాల కట్ట, తీగ మీది బట్టలు కారులో వేసుకున్నాడు. తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. హోయ్ట్ ఎడం చేత్తో వాడి చొక్కా పట్టుకుంటే, ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. నా దగ్గరికి వచ్చి నన్నూ కౌగిలించుకున్నాడు. కొట్టి ఉంటే బాగుండేది.

డ్వైట్ పంతొమ్మిది ఓట్లతో గెలిచాడు. మేం కొట్టేయించిన పేర్లు రెండు వందలకి దగ్గర దగ్గర. దేవుడు గెలిపించాడని సంఘంలో స్తుతులు పాడారు. ఎవరు గెలిపించారో నాకు తెలుసు. నా సంతకం ప్రతి కాగితం మీదా ఒకేలా, చక్కగా ఉంటుంది.

వాడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోను చేస్తాడు. తండ్రి కోసం. హోయ్ట్ ఫోను పట్టుకోలేడు కాబట్టి నేను ఆయన చెవి దగ్గర పట్టుకుని నిలబడతాను, వాడి ప్రతి మాటా నాకు వినబడుతుంది. ఆసుపత్రి మారాడట. అక్కడ ఏదో చిన్న సంఘంలో పియానో ఇచ్చారట. ఆంటన్ కొత్త కుర్చీలు కొన్నాడట. హోయ్ట్ "ఊఁ" అంటాడు, "జడ్" అంటాడు, నవ్వుతాడు.

"నాన్నా, అమ్మ నడుం ఎలా ఉంది? నొప్పి లేదు కదా?" అని వాడు ప్రతిసారీ ఆఖరున అడుగుతాడు.

హోయ్ట్ నా వైపు చూస్తాడు. ఆ జవాబుకి చాలినన్ని మాటలు ఆయన దగ్గర లేవు. నా దగ్గర ఉన్నాయి. ఫోను నా చేతిలోనే ఉంది. అబద్ధమాడాన్రా, కాగితం మీద నీ పేరు చూసే సంతకం పెట్టాన్రా, అని ఒక్కసారి నోరు తెరిస్తే వాడు వింటాడు. అవతల వాడు కాసేపు ఎదురుచూస్తాడు కూడా, నాకు తెలుస్తూనే ఉంటుంది.

"సరే నాన్నా, ఉంటాను," అంటాడు. నేను ఫోను పెట్టేస్తాను.